ఏటికోతను ఫోటో చెప్పగలదా?

లంకవాసి | రాజోలు వైపు

మా ప్రాంతంలోని ఒక గ్రంథాలయం వారు ఏటికోత మీద చిన్న ఛాయాచిత్ర ప్రదర్శన పెట్టదలచి, ఫోటోలు సమకూర్చే పనిని నాకు అప్పగించారు. గోదావరి పాయ వశిష్ఠ గట్టు వెంట తీసినవన్నీ బల్ల మీద పరచుకుని చూస్తుంటే ఒక సందేహం బలపడింది. దానిని సభ్యుల ముందు ఉంచుతున్నాను.

ఫోటోలు బాగున్నాయి, అవసరానికి మించి బాగున్నాయి. వేళ్లన్నీ బయటపడి నీటి మీదికి వంగిన కొబ్బరిచెట్టు, తెగిన గట్టులో పొరలు పొరలుగా కనిపించే ఒండ్రు, వాటి మీద సాయంకాలపు ఎండ, ఇవన్నీ ఏ క్యాలెండరు ముద్రాపకులైనా అడిగి తీసుకునేలా ఉన్నాయి. అయితే ఆ చెట్టుకు ముందు ఒకప్పుడు తోట ఉండేదనీ, తోటకు అవతల పశువుల పాక, పాకకు అవతల పుంత ఉండేవనీ ఒక్క ఫోటో కూడా చెప్పడం లేదు. కెమెరా తన ఎదుట ఉన్నదానినే పట్టుకుంటుంది. ‘ఇక్కడ ఇది ఉంది’ అని చెప్పడంలో దానికి సాటి లేదు కానీ, ‘ఇక్కడ ఇది ఇప్పుడు లేదు’ అనీ, ‘ఫలానా కారణాన పోయింది’ అనీ చెప్పడం దానికి చేతకాదు. పోయిన తోటను చిత్రకారుడు మళ్లీ వేయగలడు, కథకుడు రెండు వాక్యాలలో నిలబెట్టగలడు. మా విషయానికి ప్రాణమంతా పోయినదానిలోనే ఉన్నప్పుడు ఛాయాచిత్రం తగిన మాధ్యమమేనా అన్నది నా ప్రశ్న. ఏ కెమెరా కొనాలన్న సలహాలు మాత్రం దయచేసి వద్దు.

పాతరీలు | తణుకు

పరికరాల ఊసు ఎత్తవద్దన్నారు కనుక నోరు కట్టుకుంటున్నాను. స్టూడియో నడిపినవాడికి అది చిన్న శిక్ష కాదు.

మీరు కెమెరా శక్తిని తక్కువగా అంచనా వేస్తున్నారని నాకనిపిస్తోంది. తీసేవాడు ఉద్దేశించని సంగతులను కూడా పట్టి ఉంచడం దాని ప్రత్యేకత. చిత్రకారుడు గోడ మీది పగులును వేశాడంటే వేయాలనుకునే వేశాడు. కెమెరాకు అలాంటి ఎంపిక లేదు. నెగెటివ్ నుంచి ఎన్ని ప్రతులైనా తీసే పద్ధతిని కనిపెట్టిన టాల్బట్ 1840లలోనే దీనిని గుర్తించాడు. తీసిన నాడు తన కంట పడని గోడరాతలు, తేదీలు, చివరకు దూరపు గడియారంలో ఫోటో తీసిన వేళతో సహా, తరువాతెప్పుడో పరిశీలిస్తే బయటపడతాయని ఆయన రాశాడు.

1986 ఆగస్టు వరద వెళ్లిన తరువాత గోదావరి పాయల నడుమ ఉన్న లంకల నుంచి కొందరు తమ పెళ్లి ఫోటోల నెగెటివ్‌లు వెతికించుకోవడానికి మా స్టూడియోకు వచ్చేవారు. వారికి కావలసింది వధూవరులు కాదు, పందిరి వెనుక కనిపించే వీధి అరుగూ, మండువా స్తంభాలూను. ఇంటిని ఇంటిగా ఎవరూ ఫోటో తీయించుకోలేదు. అది పెళ్లివారి భుజాల మధ్య నుంచి అనుకోకుండా ఫ్రేములోకి వచ్చింది. ఆ మూలను మాత్రం పెద్దది చేసి ఇస్తే బొమ్మంతా గ్రెయిన్ తేలి ఇసుక చల్లినట్లుండేది. అయినా ఏ స్తంభం ఏ గది ముందుదో వారు వేలు పెట్టి చూపేవారు. మీ తోట కూడా ఎవరి పెళ్లి ఫోటో వెనుకనో ఉండే ఉంటుంది. కొత్తవి తీయడం కొంతకాలం ఆపి పాతవి వెతకండి.

లంకవాసి | రాజోలు వైపు

విలువైన సూచన, తప్పక వెతుకుతాను. అయితే ఆ పెళ్లి ఫోటో సాక్ష్యమవుతుంది. నేనడుగుతున్నది అభివ్యక్తి గురించి. అనుకోకుండా ఫ్రేములో పడ్డదానిని తీసినవాడి మాటగా ఎలా లెక్కిస్తాం?

గౌతమిగట్టు | రాజమహేంద్రవరం

సాక్ష్యం అన్న మాటను కూడా తూచి వాడవలసి ఉంటుంది. 1838లో, ఫోటో పద్ధతిని కనిపెట్టినవారిలో ఒకడైన డాగెర్ పారిస్‌లోని రద్దీ వీధి ఒకదానిని మేడ మీది నుంచి ఫోటో తీశాడు. పలక మీద బొమ్మ పడడానికి కొన్ని నిమిషాలు పట్టే రోజులవి. ఆ వ్యవధిలో కదులుతూ పోయిన బళ్లూ జనమూ పలక మీద నిలవనే లేదు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ ఒకే చోట నిలబడ్డ మనిషి మాత్రం మిగిలాడు. అంతకు ముందు, 1826-27 ప్రాంతంలో, అలాంటి మరో ఆద్యుడు నియెప్స్ తన కిటికీ నుంచి తీసిన దృశ్యానికి గంటల తరబడి వెలుతురు పట్టించవలసి రావడంతో, ఎండ ఎదురెదురు గోడలు రెండింటి మీదా పడినట్లు నమోదైంది. అంటే ఫోటోకు ‘లేదు’ అనడం పుట్టుకతోనే వచ్చు. ఉన్న జనాన్ని లేరన్నది, ఏ ఒక్క క్షణంలోనూ లేని వెలుగును ఉందన్నది. కాకపోతే ఆ పలికింది మనిషి కాదు, రసాయనం. లంకవాసి గారి ఫిర్యాదును నేనైతే ఇలా సవరిస్తాను: ఫోటో లేమిని చెప్పగలదు కానీ, మనం కోరిన లేమిని మనం కోరిన చోట చెప్పించడం కష్టం.

ఇక మన తీరం సంగతి. డాగెర్ పద్ధతి వివరాలను పారిస్‌లో బహిరంగపరచింది 1839 ఆగస్టు 19న. అదే సంవత్సరం నవంబరు 25న ఉప్పెన వచ్చి కాకినాడ దగ్గరి కోరంగి రేవును తుడిచిపెట్టింది. ఆ ఉప్పెనకు ఫోటో లేదు, ఉండే వీలూ లేదు. మిగిలినవి రాతలూ, తరాల నోటి మాటలూ మాత్రమే. ఫోటో లేని ఆ ఉప్పెనను మన వాళ్లు ఎవరికి వారు వేరువేరుగా ఊహించుకుంటారు. ఒక్క ఫోటో ఉండి ఉంటే కోరంగి అనగానే అందరికీ అదే మెదిలేది. ఇది ఛాయాచిత్రపు బలమో బలహీనతో నేను తేల్చుకోలేకపోతున్నాను. జ్ఞాపకానికి ఆసరాగా వచ్చి చివరకు జ్ఞాపకం కూర్చునే పీటను తానే ఆక్రమించుకోవడం ఫోటోకు అలవాటు.

వీలున్నవారు మా ఊళ్లోని దామెర్ల రామారావు చిత్రశాలను ఈ దృష్టితో చూడండి. 1897లో పుట్టి 1925లోనే కన్నుమూసిన ఆయన చిత్రాల ముందు నిలబడినప్పుడు ‘ఇది ఏ రోజు, ఏ వేళ?’ అని ఎవరూ అడగరు. ఫోటో ముందు మాత్రం తొలి ప్రశ్న ‘ఎప్పటిది?’ అన్నదే అవుతుంది. తేదీతో పుట్టడం ఫోటోకు హక్కూ, బంధనమూ కూడా.

కొబ్బరిమొవ్వు | అమలాపురం

పెద్దల చర్చలో చిన్న సందేహం. జూలైలో కొత్త నీరు దిగినప్పుడు గోదావరి ఎర్రగా ఉంటుంది కదా. నా ఫోనులో తీస్తే ఆ ఎరుపు పోయి బూడిద, గోధుమ రంగుల మధ్య ఏదో వస్తోంది. ఇది మాధ్యమపు పరిమితి కిందికి వస్తుందా, నా చేతకానితనం కిందికి వస్తుందా?

పాతరీలు | తణుకు

పరికరం మాట ఎత్తింది నేను కాదని లంకవాసి గారు గమనించగలరు.

బాబూ, తప్పు నీది కాదు. ఫ్రేము నిండా ఒకే రంగు పరచుకుని ఉంటే, అది వెలుతురు దోషమని అనుకుని ఫోను దానిని తటస్థమైన రంగు వైపు నెడుతుంది. వైట్ బ్యాలెన్స్‌ను ‘ఎండ’ దగ్గర కట్టిపెడితే ఎరుపు చాలావరకు నిలుస్తుంది. వెలుతురు కొలిచే మీటరు కూడా ఇలాంటిదే. ఎదుట ఉన్నది సుమారు 18 శాతం వెలుగును వెనక్కి పంపే మధ్యస్థమైన బూడిద రంగు అన్న ఊహతో అది పని చేస్తుంది. అందుకే పుష్కరఘాట్ మెట్ల మీద తెల్ల పంచెలు బారులు తీరితే అవి మాసిపోయినట్లు వస్తాయి. మబ్బు వెలుగు నేపథ్యంగా పడవవాడిని తీస్తే ముఖం బొగ్గవుతుంది.

అన్నిటి కంటే పెద్ద అబద్ధం షట్టర్ వేగంలో ఉంది. ధవళేశ్వరం గేట్ల కింద దూకే నీటిని సెకనులో వెయ్యో వంతులో తీస్తే గాజు పెంకుల్లా గడ్డకడుతుంది. అదే నీటిని రెండు సెకన్లు తీస్తే పాలనురుగులా, ధూపంలా, పరమ శాంతంగా వస్తుంది. ఈ రెండో రకానికి పోటీలలో బహుమతులు వస్తుంటాయి. ఆ నీటి ముందు నిలబడి కాళ్ల కింద గట్టు అదరడం ఎరిగినవాడెవడూ దానిని వరద అనడు.

వరదఖాతా | ధవళేశ్వరం

కొలతలు రాసుకోవడంలోనే ఉద్యోగమంతా గడిపినవాడిగా ఒక మాట. ఆనకట్ట వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. మొదటి హెచ్చరిక నాటికి సముద్రం వైపు పోయే నీరు దాదాపు 10 లక్షల క్యూసెక్కులు, అంటే సెకనుకు రెండు కోట్ల ఎనభై లక్షల లీటర్లకు పైమాటే. 1986లో అది 35 లక్షల క్యూసెక్కుల దాకా వెళ్లింది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. ఈ మూడింటిని ఒకే చోట నుంచి ఫోటో తీసి పక్కపక్కన పెట్టారనుకోండి, నీటి కొలత తెలియని మనిషికి మూడూ ఒకటే: ఎర్రటి నీరు, పైన మబ్బు. ఫోటోలో పరిమాణం అన్నది పక్కన తెలిసిన వస్తువు ఉంటేనే తెలుస్తుంది. వరద వార్తకు ఇంతటి నది కంటే నీటిమట్టం చూపే గేజి పలక మీది అంకెల ఫోటో ఎక్కువ సమాచారం ఇవ్వడానికి కారణం ఇదే.

కనుక లంకవాసి గారు ఒంటి ఫోటోతో చెప్పించాలన్న పట్టుదల విడిచిపెట్టాలి. 1972 నుంచి ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు ఇదే నేలను తీస్తూనే ఉన్నాయి. ఉప్పాడ తీరం ఎంత వెనక్కి జరిగిందో పాత, కొత్త చిత్రాలను పక్కపక్కన చూస్తే చదువు రానివారికి కూడా తెలుస్తుంది. లంకలదీ అదే దారి. ఒకే చోటు, ఒకే కోణం, వేరు వేరు సంవత్సరాలు. రెండు ఫోటోల మధ్య ఉన్న ఖాళీయే మీరడిగిన ‘లేదు’.

తెల్లకాగితం | నరసాపురం

నేను బొమ్మలు వేసే మనిషిని కనుక ఇంతవరకు జోక్యం చేసుకోలేదు. వరదఖాతా గారు చెప్పిన జంట ఫోటోలు సంగతిని నిరూపిస్తాయి. కానీ ఆకాశం నుంచి చూస్తే ఇల్లు పోవడమూ ఇసుక మేట జరగడమూ ఒకే రకంగా ఉంటాయి. గట్టు మీద నిలబడి తన చెట్టు పడిపోవడం చూసినవాడు అందులో ఎక్కడా ఉండడు.

ఈ రెండు మాధ్యమాలను పోల్చడానికి చరిత్ర మనకు ఒక అరుదైన సందర్భాన్ని ఇచ్చింది. 1943 బెంగాల్ కరువులో కమ్యూనిస్టు పార్టీ నాయకుడు పి.సి. జోషి వెంట ఇద్దరు యువకులు ఊళ్లు తిరిగారు. సునీల్ జానా చేతిలో కెమెరా, చిత్తప్రసాద్ చేతిలో నల్లసిరా కలం. చూసినది ఒకటే ఆకలి. జానా ఫోటోలు పత్రికలో అచ్చయినప్పుడు ‘ఇదంతా అతిశయోక్తి’ అని తోసిపుచ్చడం ఎవరికీ వీలు కాలేదు, ఎందుకంటే ఎముకలను కెమెరా కల్పించలేదు. చిత్తప్రసాద్ గీతకు ఆ రక్షణ లేదు. గీత అన్నాక గీసినవాడు ఎక్కువ చేసి ఉండవచ్చు. అయితే ఆయన చాలా బొమ్మల పక్కన ఆ మనిషి పేరు, ఊరు, ఇంట్లో ఎవరు మిగిలారన్నది రాసుకున్నాడు. గీయడానికి పట్టే సమయమంతా ఆ మనిషి ఎదుట కూర్చోక తప్పదు, కూర్చున్నవాడు మాట్లాడక తప్పదు. కెమెరా పని క్షణంలో ముగుస్తుంది, ముగించినవాడు ముందుకు సాగిపోవచ్చు. జానా అలా సాగిపోయాడని నేననడం లేదు, ఆ వెసులుబాటు ఆ పరికరంలోనే ఉందంటున్నాను. చిత్తప్రసాద్ బొమ్మల పుస్తకం ప్రతులను బ్రిటిషు ప్రభుత్వం పట్టుకుని తగలబెట్టించింది. గీతకు సాక్ష్యబలం లేదనేవారు ఈ సంగతిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. నమ్మదగనిదానిని ఎవరూ పనిగట్టుకుని కాల్చరు.

లంకవాసి | రాజోలు వైపు

మీరు పేరు రాసుకోవడం గురించి చెప్పగానే అమెరికా ఫోటోగ్రాఫర్ డొరొథియా లాంగ్ 1936లో కాలిఫోర్నియా బఠాణీ తోటల దగ్గర తీసిన తల్లి ఫోటో గుర్తుకు వచ్చింది. ఇద్దరు పిల్లలు ముఖాలు తిప్పుకుని భుజాల మీద వాలి ఉండగా, గడ్డం కింద చేయి పెట్టుకుని ఎటో చూస్తున్న ఆమెను ప్రపంచమంతా చూసింది. ఆమె పేరును లాంగ్ అడగలేదు. ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అన్న పేరు లోకానికి తెలిసేసరికి 1978 వచ్చింది. కారు టైర్లు అమ్మి తిండి కొనుక్కున్నారని లాంగ్ రాసుకున్న మాటను ఆ కుటుంబం తరువాత కాదన్నది. ఫోటోలో ఆమె నుదుటి ముడతలు ఎవరూ కాదనలేనివి. ఆ ముడతల వెనుక కథ మాత్రం కింద రాసిన రెండు వాక్యాలది. ఫోటో తనంత తానుగా కారణాన్ని చెప్పలేదు కనుక, ఎవరు ముందుగా కారణం రాస్తే దానికి సంతకం పెడుతుంది. మా ప్రదర్శనలో ‘ఇసుక తవ్వకాల ఫలితం’ అని రాసినా, ‘ప్రకృతి ప్రకోపం’ అని రాసినా అదే కొబ్బరిచెట్టు రెండింటికీ తల ఊపుతుంది. నాకు భయం కలిగించేది ఇదే.

కౌశిక | అంబాజీపేట

చర్చ దుఃఖం చుట్టూనే తిరుగుతోంది కనుక ఒక ఉత్సవాన్ని తెస్తాను. కనుమ నాడు జగ్గన్నతోటలో పదకొండు ఊళ్ల రుద్రుల ప్రభలు కలుస్తాయి. గంగలకుర్రు ప్రభలు కౌశిక ఏటిని దాటే దృశ్యాన్ని తీయడానికి వచ్చే కెమెరాలు ఏటేటా పెరుగుతున్నాయి. నడుము లోతు నీటిలో భుజాల మీద ప్రభ, రంగుల నూలు, ఒడ్డున జనం: ఫోటోగా ఇంతకంటే ఏం కావాలి? కానీ ‘శరభ శరభ’ అన్న కేకకు బరువు ఒక భుజం నుంచి మరో భుజానికి మారుతుంది. ఆ కేక లేని ఫోటోలో ప్రభ తేలికైపోతుంది. మోసినవారు తమ ఫోటోను చూసి ‘బాగుంది’ అని మాత్రం అంటారు.

మరో పక్క, ఒక్క సంగతిని ఫోటో తప్ప ఎవరూ చూపలేరు. ప్రభ ఒక వైపుకు ఒరిగిన అరక్షణంలో ముందువాడి మెడ నరాలు, వెనుకవాడి కళ్లు, పక్కవాడి చేయి దేనికోసం చాచుకుందో అంతా కలిసి కనిపిస్తుంది. అక్కడే ఉన్నవాడికి కూడా అది అందదు. పరుగెత్తే గుర్రం నాలుగు గిట్టలూ ఒక దశలో నేలను వదులుతాయని 1878లో ఫోటోగ్రాఫర్ మైబ్రిడ్జ్ తీసి చూపేదాకా చిత్రకారులు కాళ్లు ముందుకూ వెనక్కూ బారచాపిన గుర్రాన్నే వేస్తూ వచ్చారు. కంటికి అందని కాలాన్ని చూపడం పరిమితి గల మాధ్యమం చేసే పనేనా?

కొబ్బరిమొవ్వు | అమలాపురం

లంకవాసి గారు అడిగిన ‘లేదు’కు దగ్గరగా ఉందనిపించి ఒక ఫోటో జతచేస్తున్నాను. గట్టుకు బాగా ఎడంగా, ఏటి నీటిలో ఒకదాని మీద ఒకటి పేర్చిన నూతి ఒరలు నిలబడి ఉన్నాయి. చుట్టూ మట్టి అంతా కొట్టుకుపోయి నుయ్యి మాత్రం స్తంభంలా మిగిలింది. ఏటి మధ్యలో నుయ్యి ఎవరూ తవ్వరు కదండీ.

తెల్లకాగితం | నరసాపురం

ఈ ఫోటో ముందు నా కలం పక్కన పెడుతున్నాను. ఇదే దృశ్యాన్ని నేను వేస్తే ‘బాగా ఊహించారు’ అంటారు. ఊహించలేదన్నదే ఇక్కడి బలమంతా.

గౌతమిగట్టు | రాజమహేంద్రవరం

ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్లలో కూల్చివేతకు సిద్ధంగా ఉన్న పాత పారిస్ వీధులను ఫోటోగ్రాఫర్ అట్‌జే తెల్లవారుజామున, మనుషులు లేని వేళ గాజు పలకల మీద తీసి చిత్రకారులకు నమూనాలుగా అమ్ముకునేవాడు. ఆ ఖాళీ వీధులను చూసిన జర్మన్ విమర్శకుడు వాల్టర్ బెంజమిన్‌కు అవి నేరం జరిగిన చోటులా తోచాయి. ఈ నూతి ఫోటోకు ఆ లక్షణం ఉంది. ఏదో జరిగింది, జరిగినది ఫ్రేములో లేదు, ఆనవాలు మాత్రం ఉంది.

అయినా ఒక అభ్యంతరం. ‘ఏటి మధ్యలో నుయ్యి ఎవరూ తవ్వరు’ అన్న జ్ఞానం ఫోటోలో లేదు, మన దగ్గర ఉంది. ఒరలతో నుయ్యి కట్టడం చూడని నగరవాసికి ఇవి ఏదో వంతెన కోసం వేసిన సిమెంటు గొట్టాలు. లంకవాడికి ఇది పూర్తి వాక్యం, బయటివాడికి ఒక వస్తువు. అందరికీ ఒకే భాష అని ఫోటోకు ఉన్న పేరు ఇక్కడ చెల్లదు.

పాతరీలు | తణుకు

చెల్లకపోతే ఏం? ప్రదర్శన జరిగేది కోనసీమలో. చూసేవారికి నుయ్యి తెలుసు. ఎవరి కోసం తీస్తున్నామో వారికి అర్థమైతే చాలు, లోకానికంతటికీ విప్పి చెప్పాలన్న బాధ్యత ఏ ఫోటో మీదా లేదు. పద్యాన్ని ఎవరూ అలా అడగరు.

లంకవాసి | రాజోలు వైపు

నూతి ఫోటోను ప్రదర్శనలో మొదట పెడుతున్నాను, కొబ్బరిమొవ్వు గారి అనుమతితో. పాత పెళ్లి ఫోటోల కోసం నాలుగు లంకలలో కబురు పెట్టాను. వ్యాఖ్యల విషయంలో నా నిర్ణయం ఇది: ఊరి పేరు, సంవత్సరం, ఆ నేల ఎవరిదో వారు చెప్పిన ఒక మాట రాస్తాను. కారణం రాయను.

వరదఖాతా | ధవళేశ్వరం

కారణం రాయకపోవడం కూడా ఒక పక్షం తీసుకోవడమే అవుతుందని మనవి చేస్తున్నాను. కనీసం ఆ సర్వే నంబర్ల హద్దులు, కొలతలు చూపే ఎఫ్.ఎం.బి. పటాలను ఫోటోల పక్కన వేలాడదీయండి. నేల ఏట్లో కలిసిపోయినా పటంలో దాని హద్దులు చెక్కుచెదరవు. నూతి స్థానాన్ని పటం మీద గుర్తు పెట్టి ఇచ్చే పని నేను చేసిపెడతాను.

లంకవాసి | రాజోలు వైపు

పటం పక్కనే ఉంటే చూసేవారు ముందు పటాన్ని చదివి, ఫోటోను దానికి ఋజువుగా చూసి వెళ్లిపోతారు. నుయ్యి కాసేపు నుయ్యిగా కనిపించాలి.

తెల్లకాగితం | నరసాపురం

అయితే పటాలను రెండో గదిలో పెట్టండి. ఫోటోలు చూసి వచ్చినవారు అక్కడ తమ సర్వే నంబరు తామే వెతుక్కుంటారు.

వరదఖాతా | ధవళేశ్వరం

రెండో గదికి సమ్మతమే. గుర్తుపెట్టిన పటాలు వచ్చే వారానికి అందజేస్తాను, నూతి ఫోటో ఏ గట్టు నుంచి, ఏ దిక్కుగా తీశారో కొబ్బరిమొవ్వు గారు తెలియజేయాలి.